నాన్నకు పట్టిన చోడి జావ

మరోదా, భిలాయి
నవంబరు 16

అమ్మకు,

నీ కొడుకు ప్రసాదు నమస్కరించి రాస్తున్నాడు. ఇక్కడ నేనూ, భాగ్యరేఖా, రోహిణీ ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ గాజువాకలో నువ్వూ, మణిమాలక్కా, బావగారూ, మేనకోడలూ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. నీ మోకాలు ఎలా ఉందో రాయలేదు. రాయలేదంటే తగ్గలేదని నాకు తెలుసు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. చెవి మిషను కీచుమంటోందని తీసి డబ్బాలో పెట్టేశావని అక్క చెప్పింది. పోనీలే, ఫోనులో ఇద్దరం అరుచుకోవడం కన్నా ఇదే నయం. నా అక్షరాలు కోడి గెలికినట్టున్నాయని రాశావు. ‘సెక్టారులో తెలుగు బడికి పంపితే నేర్సుకున్నది ఇదేటిరా’ అన్నావు. ఏం చెయ్యను? పగలంతా ఆసుపత్రిలో ఇంగ్లీషులో రాస్తాను, హిందీలో మాట్లాడతాను. తెలుగులో రాసేది నీకొక్కదానికే.

అడిగినవాటికి వరసగా చెప్తాను.

డ్యూటీకి ఏం బట్టలేసుకుంటావని అడిగావు. నువ్వనుకున్నట్టు తెల్లవి కావు. లేత నీలం చొక్కా, అదే రంగు పంట్లాం, జేబు మీద పేరు. ఆడవాళ్ళను సిస్టర్ అన్నట్టే మగవాళ్ళను బ్రదర్ అంటారు. పల్లెల నుంచి వచ్చే ముసలమ్మలకు ఆ తేడా పట్టదు. ‘సిస్టర్ భయ్యా’ అని పిలిచి, సూది మెల్లగా వెయ్యమని బతిమాలతారు. మొదట్లో చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు పలుకుతున్నాను.

ఆడ పేషెంట్లకు కూడా నువ్వే చేస్తావా అని అడిగావు. ఆడవాళ్ళ వార్డు సిస్టర్లే చూసుకుంటారు. బరువు మనిషిని లేపాలన్నా, పక్కకు తిప్పాలన్నా నన్ను పిలుస్తారు. పేషెంటును అడిగి, పక్కన సిస్టర్ ఉండగానే చెయ్యి వేస్తాను. పదమూడేళ్ళు స్టీలు ప్లాంటులో కాంట్రాక్టరు కింద వెల్డింగు చేసిన చేతులు కదా, ఆ బలం ఇక్కడ ఇలా పనికొస్తోంది.

రోహిణిని స్కూల్లో ఇప్పటికీ ఏడిపిస్తున్నారా అని అడిగావు. లేదు. మూడో తరగతిలో ఎవడో ‘మీ పాపా నర్సట కదా, చీర కట్టుకుంటాడా’ అంటే టిఫిను డబ్బా మూత విసిరిందే, ఆ గొడవ దాంతోనే పోయింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. క్లాసులో ఎవరికి తలనొప్పి వచ్చినా దీన్నే అడుగుతున్నారట. ఇది సగం తెలిసీ సగం తెలియకా మాత్రల పేర్లు చెప్తోందని టీచరు కబురు పెడితే, మొన్న కూర్చోబెట్టి కేకలేశాను. మూతి ముడుచుకుని తిరుగుతోంది. తెలుగు మాత్రం రావడం లేదు. నీ ఉత్తరం నేను చదివి వినిపిస్తే ‘దాదీ ఎంత మజాగా రాస్తుందో’ అంటుంది.

ఇంకో మాట రాశావు, ‘అప్పట్లో నిన్ను తిట్టీసినానని మనసులో ఎట్టుకోకు’ అని. పెట్టుకోలేదమ్మా. నీ కోపానికి అర్థం ఉంది. నాన్నకు పక్షవాతం వచ్చాక పదహారు నెలలు నేను ఇంటి దగ్గర ఉండిపోయాను, నా పనిలోకి కాంట్రాక్టరు ఇంకొకడిని తీసుకున్నాడు. నాన్న పోయిన పదకొండో రోజున ఛాయ సిస్టరు నర్సింగు కాలేజీ ఫారం పట్టుకొచ్చింది. వారానికి రెండుసార్లు వచ్చి నాన్న నడుం మీది పుండుకు కట్టు కట్టేదే, ఆవిడ. మిగతా రోజుల్లో ఆ కట్టు ఎలా మార్చాలో నాకు నేర్పింది కూడా ఆవిడే. కాలేజీలో పాఠాలు చెప్పేది కదా, ‘నా స్టూడెంట్లకు కూడా ఇంత మెత్తని చెయ్యి లేదు. ఈ ఏడు దాటితే నీకు వయసు మించిపోతుంది’ అంది.

నువ్వు ఆ ఫారం చూసి అన్న మాట ఇంకా చెవుల్లో ఉంది. ‘నలభయ్యేళ్ళు రైలు పట్టాలు సేసినోడి కొడుకు ఆడగుంటల మధ్యన కూకోని కట్లు కడతాడా? ఊరోళ్ళేటంటారు?’

వంటింట్లోంచి రేఖ అంది, ‘ఊరోళ్ళు ఒక్కనాడైనా మావయ్య దుప్పటి మార్సినారేటి అత్తా?’

ఆ రాత్రి నువ్వు అన్నం తినలేదు. అయినా పొద్దున్నే ఫారంలో అతికించడానికి నా ఫోటో వెతికిచ్చింది నువ్వే.

ముప్ఫై నాలుగేళ్ళవాడిని పద్దెనిమిదేళ్ళ పిల్లల మధ్య కూర్చుంటే ఎలా ఉంటుందో నీకు అప్పుడు చెప్పలేదు. మొదటి నెలంతా ‘అంకల్’ అన్నారు. ఒకమ్మాయి నన్ను ఎవరి తండ్రో అనుకుని, పేరెంట్లు బయట కూర్చోవాలంది. ఎముకల పేర్లు ఒక పట్టాన తలకెక్కేవి కావు. రోహిణి పొద్దున్నే రొట్టె తింటూ పుస్తకం పట్టుకుని నన్ను అడిగేది, తప్పు చెప్తే చెవి మెలిపెట్టేది. తరవాత కరోనా వచ్చి క్లాసులు ఫోనులోకి వచ్చేశాయి. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను. దాని క్లాసు అయ్యాక నా క్లాసు. ఆ రోజుల్లో రేఖ స్కూలు పనీ, సాయంత్రం ట్యూషన్లూ రెండూ చేసి ఇల్లు నడిపింది. ఒక్కసారి కూడా ఎప్పుడవుతుంది నీ చదువు అని అడగలేదు.

నలభయ్యేళ్ళకు నిలబడి చేసే ఈ పని అలుపు కాదా అని అడిగావు. అలుపే. కాళ్ళు లాగుతాయి. కానీ వెల్డింగు చేసి వచ్చిన రోజుల్లో కళ్ళు మండుతూ ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు. ఇప్పుడు ఇంటికొచ్చి మాట్లాడుతున్నానని రేఖే అంటోంది. ఉద్యోగం ఖాయం చేశారు, ఆ కాగితం సెప్టెంబరులో వచ్చింది. ఆ బెంగ పెట్టుకోకు.

ఇక నీ ఉత్తరం ఆఖరి పేజీ. దానికి జవాబు రాయడానికి అయిదు రోజులు పట్టింది. ఇది మూడోసారి మొదలుపెట్టిన ఉత్తరం.

ఫిబ్రవరిలో మేనకోడలి పెళ్ళి ఆ ఇంట్లోనే జరుగుతుంటే, ఆ మూడు రోజులూ అనకాపల్లిలో పిన్ని ఇంట్లో ఉంటానని రాశావు. ‘నాను పెళ్ళికెళ్తే ఏటవుద్దో నీకు తెలుసు గదా. ఆ పిల్ల పసుపు బట్టల్తో ఉండగా నా పాదం ఒద్దు’ అని రాశావు. అక్క ఫోను చేసి ఏడ్చింది. పిల్ల కూడా ఏడుస్తోందట, అమ్మమ్మ లేకపోతే నాకీ పెళ్ళే వద్దంటోందట. ఆరేళ్ళుగా నువ్వు ఏ పెళ్ళికీ వెళ్ళలేదని నాకు తెలుసు. వయసు మీద పడింది, జనంలో మాటలు వినపడవు, అందుకే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండి అనుకున్నాను.

నాన్న పోవడానికీ నువ్వు ఆ రోజు పెళ్ళికి వెళ్ళడానికీ ఏ సంబంధమూ లేదు. ఆ సంగతి నాకు అయిదేళ్ళుగా తెలుసు. తెలిసీ నీకు చెప్పలేదు.

ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను. రెండుసార్లు చదవాల్సి వస్తే చదువు.

భిలాయి-3లో ఆ పెళ్ళికి నువ్వు వెళ్ళనన్నావు. నేనే పంపాను. ఏడాది పైన నువ్వు ఆసుపత్రికి తప్ప గడప దాటలేదు. ఆకుపచ్చ చీర కట్టుకుని నువ్వు ఆటో ఎక్కుతుంటే, తనను కిటికీ వైపు తిప్పమని నాన్న ఎడమ చేత్తో సైగ చేశారు. తిప్పాను. ఆటో మలుపు తిరిగేదాకా చూశారు. నోరు ఒక పక్కే కదిలేది కదా, ఆ పక్కతోనే నవ్వారు. ఇది నీకు అప్పుడే చెప్పాల్సింది. మిగతాది చెప్పడం ఇష్టం లేక ఇదీ చెప్పలేదు. నువ్వు వెళ్ళావని ఆయన బెంగ పెట్టుకోలేదు. గడ్డం గీశాను, ఒళ్ళు తుడిచాను. రేఖ స్కూల్లో, రోహిణీ స్కూల్లో. ఇంట్లో మేమిద్దరమే.

పన్నెండున్నరకు జావ పట్టే వేళయింది. అప్పటికి అయిదు నెలలుగా ముక్కులోంచి పొట్టలోకి వేసిన గొట్టంతోనే కదా పట్టేవాళ్ళం. నువ్వు కాచి వడకట్టి పెట్టి వెళ్ళిన చోడి జావ, ఆసుపత్రివాళ్ళు రాగి జావ అని రాసిచ్చినదే, గ్లాసులో పోసుకుని వచ్చాను. రోజూ వీపు వెనక రెండు తలగడలు పెట్టి కూర్చోబెట్టేవాళ్ళం. ఎందుకు కూర్చోబెట్టాలో నాకు తెలియదు. ఆసుపత్రిలో అలా చేశారు కాబట్టి చేసేవాడిని. ఆ రోజు కూర్చోబెట్టగానే పుండు ఒరుసుకుని మూలిగారు. రెండుసార్లు సర్దాను, మళ్ళీ మూలిగారు. పాపం, ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకుని తలగడలు రెండూ తీసేసి వెల్లకిలా పడుకోబెట్టాను. మూలుగు ఆగింది. హాయిగా ఉందనుకున్నాను. అలా పడుకోబెట్టే గొట్టంలో జావ పోశాను.

సగం అయ్యాక దగ్గారు. ఆగాను. గొంతులో కఫం ఉందనుకున్నాను. ఛాతీ నిమిరి, మిగతా సగం కూడా పోసేశాను. మళ్ళీ దగ్గారు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడిచాను. ఆ తరవాత పడుకున్నారు.

నాలుగింటికి ఊపిరిలో గురగురమని చప్పుడు. నువ్వు ఆరింటికి వచ్చి, చెప్పులు విప్పుతూనే ‘ఎలగున్నారు?’ అని అడిగావు. ‘బాగానే ఉన్నారమ్మా, జావంతా తాగారు’ అన్నాను. ఆ రాత్రే జ్వరం. మర్నాడు ఆసుపత్రిలో చేర్చాం. నాలుగో రోజు పోయారు. ఊపిరితిత్తులకు నిమ్ము వచ్చిందన్నారు. మంచంలో ఉన్నవాళ్ళకు మామూలేనన్నారు. నేనూ అదే అనుకున్నాను. అందాకా నేను దాచింది ఏమీ లేదు, నాకే తెలియదు.

పదో రోజున వచ్చిన బంధువులందరి ముందూ నువ్వు అన్నావు, ‘నానెళ్ళిపోనానని బెంగెట్టుకున్నారు. నా కాలు బయట పడిన్నాడే ఆయనకి జరం తగిలింది’ అని. అందరూ నిన్ను ఓదారుస్తున్నారు. ఆ దగ్గు సంగతి నాకు గుర్తొచ్చింది. చెప్పొచ్చు. అంతమంది నన్ను ‘ఇలాంటి కొడుకు ఎవరికుంటాడు’ అంటున్న రోజు అది. ఊరుకున్నాను.

ఆ డిసెంబరులో కాలేజీలో ఛాయ మేడమే ఆ గొట్టం పాఠం చెప్పింది. రబ్బరు బొమ్మను మంచం మీద పెట్టి చూపించింది. జావ పోసేటప్పుడూ, పోశాక గంటసేపూ తల ఎత్తుగా ఉండాలంది. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే పొట్టలోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుందంది. దగ్గితే అక్కడికక్కడ ఆపెయ్యాలి, మిగతాది పొయ్యకూడదంది. అమ్మాయిలందరూ రాసుకుంటున్నారు. నేను పెన్ను పెట్టేసి బయటికి వెళ్ళి సైకిల్ స్టాండు దగ్గర కూర్చున్నాను.

క్లాసయ్యాక ఆవిడే వెతుక్కుంటూ వచ్చింది. అంతా చెప్పాను. నేలమీద నా పక్కనే కూర్చుంది.

‘నేనే చంపానా మేడం?’ అని అడిగాను.

ఆవిడ వెంటనే కాదనలేదు. అనుంటే నేను నమ్మేవాడిని కాదు. ‘తెలియదు ప్రసాద్. అన్నీ సరిగా చేసినా అలాంటి మనిషికి నిమ్ము రావచ్చు. నువ్వు చేసినదాని వల్లే వచ్చి ఉండవచ్చు. ఎక్కువగా అదే అయ్యుంటుంది. నీకు అబద్ధం చెప్పలేను’ అంది. తరవాత, ‘ఆ గొట్టం వేసి ఇంటికి పంపినప్పుడు నీకు ఎవరైనా ఇదంతా చెప్పారా?’ అని అడిగింది.

‘రోజుకు ఎన్నిసార్లు, ఎంత పొయ్యాలో చెప్పారు. సంతకం పెట్టించుకున్నారు.’

‘నేను మీ ఇంటికి ఏడాది పైన వచ్చాను. పుండు చూశాను, కట్టు చూశాను. జావ ఎలా పోస్తున్నావని ఒక్కసారి అడగలేదు. దీన్లో నా వంతు కూడా ఉంది’ అంది.

నాలుగు రోజులు కాలేజీకి వెళ్ళలేదు. మానేద్దామనే అనుకున్నాను. రేఖకు ఆ రాత్రే చెప్పాను. ‘అత్తకి సెప్పాలి’ అంది. నువ్వప్పుడు ఈ ఇంట్లోనే ఉన్నావు. ‘ఏటయిందిరా, సదువుకెళ్ళవేటి?’ అని అడిగావు. నడుం నొప్పి అన్నాను. నువ్వు ఆవాలు వేసి నూనె కాచి తెచ్చావు. నన్ను బోర్లా పడుకోబెట్టి నడుముకు రాశావు. ‘నాన్నని ఎత్తి దించి నీ నడుం ఇరిగిపోనాది’ అన్నావు. ఆ నూనె రాయించుకుంటూ కూడా నేను నోరు విప్పలేదమ్మా. నాన్నకు జావ పోసింది తెలియక. దీనికి మాత్రం అలా చెప్పుకోవడానికి లేదు.

సంవత్సరీకం అయ్యాక నువ్వు అక్క దగ్గరికి వెళ్ళిపోయావు. దూరమయ్యేసరికి చెప్పకుండా ఉండడం తేలికైంది. రేఖ రెండు మూడుసార్లు గుర్తు చేసి ఊరుకుంది.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, నీ ఉత్తరం రావడానికి నాలుగు రోజుల ముందు వార్డులో ఒకటి జరిగింది. ఉతై దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చి ఉన్నాడు. నాన్నకు వచ్చినట్టే పక్షవాతం, కుడి పక్క పడిపోయింది. ముక్కులో అదే గొట్టం. కోడలు చూసుకుంటోంది, ముప్ఫయ్యేళ్ళుంటాయేమో. నేను పక్క మంచం దగ్గర సెలైను మారుస్తున్నాను. దగ్గు వినిపించింది. ఆ దగ్గు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను.

తిరిగి చూస్తే మంచం తల దించేసి ఉంది. ఆ అమ్మాయి జావ పోస్తోంది. చేతిలోది లాక్కుని గొట్టం మడిచి పట్టుకున్నాను, మంచం లేపాను, ఒక సిస్టర్‌ను కేకేసి మిషనుతో గొంతులోది లాగించాం. డాక్టరు వచ్చి చూశాడు. రెండు రోజులు ఊపిరి కనిపెట్టి ఉన్నాం, నిమ్ము రాలేదు. పెద్దాయన నిన్న డిశ్చార్జి అయ్యాడు.

ఆ పిల్ల మాత్రం ఆ పూటంతా గోడకు ఆనుకుని ఏడుస్తూనే ఉంది. ‘కూర్చోబెడితే మూలుగుతున్నాడు భయ్యా, చూడలేక దించాను. నా వల్ల ఏమైనా అయ్యుంటే మా అత్తకు ఏం మొహం చూపించాలి?’ అంది. నాకు ఎలా వచ్చిందో మాట, ‘మా నాన్నకు నేనూ ఇలాగే చేశాను, దీదీ’ అన్నాను. ఛాయ మేడానికీ, రేఖకూ తప్ప నేను ఎవరికీ చెప్పని మాట, ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పాను.

ఆమె ఏడుపు ఆపి నన్ను చూసింది. ‘ఆయన?’

‘పోయారు.’

‘మీ అమ్మకు చెప్పారా?’

లేదన్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని మామగారి దగ్గరికి వెళ్ళింది. సాయంత్రం అత్తగారు వస్తే, ఆ ముసలమ్మ చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళి జరిగింది మొత్తం తనే చెప్పింది. దూరం నుంచి చూశాను. ముసలమ్మ ఆమెను ఏదో అంది, గట్టిగానే అంది. తరవాత ఇద్దరూ వచ్చి మంచానికి చెరో పక్కన కూర్చున్నారు. చదువుకోని ఆ పిల్ల ఒక్క పూటలో చేసిన పని నేను అయిదేళ్ళలో చెయ్యలేదు.

నాలుగు రోజులకు నీ ఉత్తరం వచ్చింది.

ఇన్‌ఛార్జి మేడంతో మాట్లాడాను. గొట్టం ఉన్న పేషెంటు ఇంటికి వెళ్ళేముందు, వాళ్ళ ఇంటివాళ్ళ చేతనే రెండు పూటలు మా ఎదురుగా జావ పోయించాలని అడిగాను. పని పెరుగుతుందంది. ‘అందరికీ నువ్వే నేర్పుతావా?’ అంది. నేర్పుతానన్నాను. గురువారం నుంచి మొదలుపెట్టాం. మూలిగితే మంచం దించకండి, తలగడ సర్దండి, పక్కకు వాల్చండి, మమ్మల్ని పిలవండి అని చెప్తున్నాను. ఒక్కొక్కరి చేత అయిదారుసార్లు చెప్పిస్తున్నాను, విసుక్కుంటున్నారు. విసుక్కోనీ.

అమ్మా, ఇది నేను నిన్ను ఓదార్చడానికి కల్పించి రాసింది కాదు. కావాలంటే రేఖను అడుగు, ఛాయ మేడం నంబరు అక్కకు పంపుతాను, ఆవిడను అడుగు. నువ్వు గడప దాటినందుకు నాన్న పోలేదు. నువ్వు ఇంట్లో ఉండి ఉంటే కూర్చోబెట్టే పోసేదానివేమో, ఆ ఆలోచన నీకు వస్తుంది, నాకూ వచ్చింది. కానీ నిన్ను పంపింది నేను, తలగడలు తీసింది నేను, దగ్గిన తరవాత పోసింది నేను. నీ పాదంలో ఏ దోషమూ లేదు. ఆరేళ్ళు నాకు రావలసిన మాటను నీ మీద వేసుకుని మోశావు, నేను చూస్తూ ఉన్నాను. క్షమించమని రాయడానికి చెయ్యి రావడం లేదు. నీకు ఏమనిపిస్తే అది అను.

పిల్ల పెళ్ళికి నువ్వు ఆ ఇంట్లో ఉండాలి. పసుపు నీ చేత్తోనే దంచాలి. దీన్ని గురించి అక్కకు నేనింకా ఏమీ చెప్పలేదు. ముందు నీకు తెలియాలి. ఆమెకు చెప్పాలో వద్దో నువ్వు చెప్పు.

రేఖ ఈ ఉత్తరం చదివింది. ఏ మాటా మార్చొద్దంది. ‘పోస్టులో ఏసీసి కూకోవద్దు, ఎనకాలే నువ్వూ ఎల్లు’ అని కూడా అంది. అందుకే నాలుగు రోజులు సెలవు అడిగాను, ఇచ్చారు. ఇరవై ఏడో తారీకు దుర్గ్‌లో బండి ఎక్కుతాను, మర్నాడు గాజువాకలో ఉంటాను. అప్పటికి ఈ ఉత్తరం నీకు అంది నాలుగైదు రోజులవుతుంది. కోపమంతా అప్పటికి తగ్గాలని నేను అనుకోవడం లేదు.

నేను వచ్చేసరికి అక్కా, బావగారూ, పిల్లా ఎవరి పనుల్లోకి వాళ్ళు వెళ్ళిపోతారు. నువ్వొక్కదానివే ఉంటావు. చెవి మిషను పెట్టుకుని ఉండు. గుమ్మంలోనే నిలబెట్టి అడగాలంటే అడుగు, నిలబడతాను. ఎంతసేపైనా నిలబడతాను.

ఇట్లు
నీ కొడుకు
ప్రసాదు